ఆపిన లైనులో కరెంటు

తడ,
మార్చి 6

చి. సౌ. భారతికి అక్క తాయమ్మ దీవెనలు.

మునిశేఖర్‌కు పోస్టింగ్ వచ్చింది. మీ కార్వేటినగరం సెక్షన్‌లోనే, లైన్‌మన్‌గా. ఆర్డరు చేతికందిన రోజు వీధి వీధంతా మైసూర్‌పాక్ పంచాడు. నేనూ ఒక ముక్క తీసుకున్నాను కానీ తినకుండా గూట్లో పెట్టేశాను.

వాడి ట్రైనింగు చివర్లో ఒకసారి చూడటానికి వెళ్ళాను. నడుముకు బెల్టు కట్టుకుని స్తంభం మీద వెనక్కి వాలి నిలబడ్డాడు. కింద ఉన్నవాళ్ళు తలలెత్తి ఏదో అరుస్తున్నారు. నాకు నోళ్ళు కదలడం ఒక్కటే కనపడింది. శభాష్ అంటున్నారో, జాగ్రత్త అంటున్నారో తెలియలేదు. చెవులు పోయి ఇన్నేళ్ళయినా అంత భయం ఎప్పుడూ వేయలేదు. వాడికి ఏదైనా జరిగితే అందరికంటే చివర తెలిసేది నాకే కదా.

ఫోనులో మాట నాకు వినపడదు. వాడు పంపే మెసేజీల్లో ‘బాగున్నా, తిన్నా’ తప్ప ఇంకో ముక్క ఉండదు. నాకు ఉత్తరం రాసే మనిషివి నువ్వొక్కదానివే. వాడు మీ ఊళ్ళోనే గది తీసుకుంటాడట. ఆదివారాలు పిలిచి అన్నం పెట్టు. చిక్కాడా, నిద్రపోతున్నాడా, ముఖం ఎలా ఉంది, నువ్వు చూసింది చూసినట్టు రాయి. మంచిమాటలు కల్పించి రాయొద్దు.

వాళ్ళ నాయన లారీ ప్రమాదంలో పోయిన రోజు కూడా అందరూ నాకు కల్పించే చెప్పారు.

నీ అక్క,
తాయమ్మ


కార్వేటినగరం,
మార్చి 24

అక్కకు భారతి నమస్కారాలు.

మునిశేఖర్ ఆదివారం వచ్చాడు. సంగటి, కోడికూర చేశాను. రెండోసారి అడిగి వేయించుకున్నాడు. ముఖం బాగుంది. మీసం పెంచుతున్నాడు, నీకు చెప్పలేదేమో.

తిన్న చెయ్యి కడుక్కుని కుదురుగా కూర్చోలేదు. మా కోళ్ళఫారం అంతా కలియదిరిగాడు. నేను బట్టలారేసే తీగ ఒక కొస, కరెంటు స్తంభాన్ని నేలకు లాగి పట్టే స్టే తీగకు కట్టి ఉంది. దాన్ని చూసి ఆగిపోయాడు.

“చిన్నమ్మా, ఇది ఎవురు కట్టింది?”

“నేనే. ఏమైతాది? శానా ఏండ్లుగా కట్టుకోనుండా.”

“పైన పింగాణీ పగిల్తే స్టే తీగలోకి కరెంటు దిగతాది. తడిబట్ట ఏసిన చెయ్యి అట్నే అతుక్కోనుంటాది.”

మాట్లాడుతూనే విప్పేశాడు. బోరు మోటారుకు ఎర్తు తీగ తెగిపోయి ఉంటే గుంత తవ్వించి, బొగ్గూ ఉప్పూ వేయించి, కొత్త తీగ కట్టించాడు. జనరేటర్ దగ్గర కూడా నిలబడి ఏదో అడిగాడు. మీ మరిది “అదంతా సరిగానే ఉండాదిలే, రా నాయనా” అని కాఫీకి పిలుచుకొచ్చారు.

ఎండలు ముదురుతున్నాయి. మాకు ఈ కాలంలో కరెంటు పోతే ప్రాణాలు పోయినట్టే. రెండు షెడ్లలో ఫ్యాన్లు ఆగితే కోళ్ళు నోళ్ళు తెరిచి ఒగరుస్తాయి. కాసేపు చూస్తే చాలు, రాలిపోవడం మొదలవుతుంది. ఆయనకు నిద్రలో కూడా ఫ్యాన్ల మోత వినపడుతూ ఉండాలి.

నీ కొడుకు గురించి భయపడకు. నా కళ్ళెదుటే ఉన్నాడు.

భారతి


తడ,
మే 19

భారతికి అక్క దీవెనలు.

వాడిని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్నాను. కుడి అరచెయ్యి చర్మం కొత్తగా కట్టుకుంటోంది. చివరి రెండు వేళ్ళు తీసేసిన చోట ఇంకా పచ్చిగానే ఉంది. అన్నం నేను కలిపి పెడుతున్నాను. పసిపిల్లాడిలా నోరు తెరుస్తాడు, వెంటనే సిగ్గుపడి తల దించుకుంటాడు.

ఆ రోజు వాడితో పనిచేసిన జోయల్ నిన్న చూడటానికి వచ్చాడు. సీనియర్ లైన్‌మన్, నెమ్మదస్తుడు. నాకు వినపడదని తెలిసి పలక తెమ్మని, జరిగింది రాసి చూపించాడు. కొమ్మ విరిగి మీ దారిలో తీగ తెగిందట. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజులు పీకి జోయల్ తన జేబులో వేసుకున్నాడట. తీగలో కరెంటు లేదని టెస్టరుతో చూసుకున్నాకే మునిశేఖర్ ఎక్కాడట. తీగలన్నిటినీ కలిపి నేలకు దించే గొలుసు తగిలించాల్సింది, అది ఆ పూట ఇంకో పనిచోట ఉండిపోయిందట. ఎక్కినప్పుడు లేని కరెంటు పని మధ్యలో వచ్చింది. బెల్టు లేకపోతే వాడు కింద పడేవాడు.

నేను పలక మీద అడిగాను, ఆపిన లైనులోకి కరెంటు ఎక్కడి నుంచి వస్తుందని.

“ఎవురో జనరేటర్ ఏసినారమ్మా” అని రాశాడు. మెయిన్ స్విచ్ దించకుండా జనరేటర్ వేస్తే కరెంటు ఇంట్లో ఆగదట, వచ్చిన దారినే తిరిగి వీధి తీగల్లోకి పోతుందట. అందుకే జనరేటర్ పెట్టుకునేవాళ్ళు కరెంటు ఆఫీసులో ముందే చెప్పాలి, ఛేంజోవర్ స్విచ్ పెట్టుకోవాలి, అది రూలు. ఆ స్విచ్ ఒక పక్కకు తిప్పితే లైను, ఇంకో పక్కకు తిప్పితే జనరేటర్, రెండూ ఎప్పుడూ కలవవు.

ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింద జనరేటర్లు మూడు ఉన్నాయట. పిండిమిల్లు, ఐసు షాపు, మీ ఫారం. ఆఫీసరు దయానంద్ ముగ్గురినీ విచారిస్తున్నాడట. మీది సరిగానే ఉంది కదా?

ఇంకొకటి అడగాలి. ఆసుపత్రిలో నాతో మాట్లాడేటప్పుడు నువ్వు ముఖం పక్కకు తిప్పుకున్నావు. నేను పెదవులు చూసి తెలుసుకుంటానని నీకు తెలుసు. ఏమన్నావో నాకు అందలేదు. ఉత్తరంలో రాయి.

తాయమ్మ


కార్వేటినగరం,
మే 27

అక్కకు నమస్కారాలు.

మునిశేఖర్ అన్నం తింటున్నాడంటే మనసు కొంచెం కుదుటపడింది. తడ వైపు వెళ్ళే వ్యాన్‌లో మామిడిపళ్ళ బుట్ట పంపాను. బేనీషా వాడికి ఇష్టం. పైవి ముందు తినండి, అడుగువి ఇంకా మాగాలి.

ఇక్కడ ఎండ చెప్పలేను. షెడ్డు చుట్టూ గోనెపట్టాలు కట్టి పూటంతా తడుపుతున్నాం. ఈ బ్యాచ్ కోళ్ళు బరువు తూగడం లేదని మీ మరిది దిగులు. ఆయనకు రక్తపోటు ఎక్కువైంది, మాత్రలు మార్చారు. ఎవరైనా గేటు చప్పుడు చేస్తే ఉలిక్కిపడుతున్నారు. ఎండ వల్లనే అని డాక్టరు అన్నాడు.

ఆసుపత్రిలో నేనేం అన్నానో నాకే గుర్తులేదక్కా. ఏడుపులో ఏదో అని ఉంటాను.

పుండు మీద నీళ్ళు తగలనివ్వకు.

భారతి


తడ,
జూన్ 5

భారతీ,

మామిడిపళ్ళు అందాయి.

నేను అడిగినదానికి నువ్వు జవాబు రాయలేదు. మార్చిలో రాసిన ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. జనరేటర్ దగ్గర నిలబడి వాడు ఏదో అడిగాడని రాశావు. ఏమడిగాడు? వాడిని అడిగితే గోడ వైపు తిరిగి పడుకుంటున్నాడు.

పుండు మానుతోంది. వచ్చే నెల డ్యూటీలో చేరతానంటున్నాడు. అదే సెక్షను. అవే తీగలు.

తాయమ్మ


కార్వేటినగరం,
జూన్ 12

అక్కా,

మా ఫారానికి ఛేంజోవర్ స్విచ్ లేదు. ఎప్పుడూ లేదు.

మార్చిలో మునిశేఖర్ అడిగింది అదే. “చిన్నాయనా, ఛేంజోవర్ యాడ?” అన్నాడు. “మెయిన్ దించినాకే జనరేటర్ ఏస్తాం, సాలదా?” అన్నారు ఈయన. “మర్సిపోతే?” అని వాడు అంటే నవ్వేసి భుజం మీద చెయ్యి వేసి పిలుచుకొచ్చారు.

ఆ రోజు నేను షెడ్డులోనే ఉన్నాను. కరెంటు పోయింది. కోళ్ళు ఒగరుస్తున్నాయి. నేను గోనెలు తడుపుతున్నాను. ఆయన పరుగున వచ్చి జనరేటర్ వేశారు. ఫ్యాన్లు తిరిగాయి. “అబ్బా, గెలిసినాం” అన్నారు. కాసేపటికి రోడ్డు వైపు నుంచి కేక వినపడింది. అది ఎలాంటి కేకో నీకు రాయలేను. నీకు వినపడకపోవడమే మేలని అప్పుడనుకున్నాను, పాపం తగలనీ నాకు.

ఆయన బోర్డు వైపు చూశారు. నేనూ చూశాను. మెయిన్ హ్యాండిల్ పైకే ఉంది. ఒక్క దూకు దూకి దాన్ని కిందికి లాగారు. ఆ తర్వాతే స్తంభం దగ్గరికి పరుగెత్తారు. ఆఫీసరు వచ్చి చూసేటప్పటికి హ్యాండిల్ కిందికే ఉంది.

వాడిని మా వ్యాన్‌లో పడుకోబెట్టి తిరుపతి దాకా నడిపింది ఆయనే అక్కా. దారి పొడవునా ఏడుస్తూనే నడిపారు. ఇంటికొచ్చాక నా చెయ్యి పట్టుకుని చెప్పారు: “మెయిన్ దించే ఉండాదని అందురూ సూసినారు. నువ్వు నోరు మెదిపితే ఫారం ఉండదు, నేను జైల్లో ఉంటా.” పోనీ ఇప్పుడైనా ఆ స్విచ్ పెట్టించమని కాళ్ళావేళ్ళా పడ్డాను. “ఇప్పుడు పెడితే ఇన్నాళ్ళూ లేదని ఒప్పుకున్నట్టే గదా. ఇచారణ ఒగటి కానీ” అంటారు.

దొరికిపోతామని ఆయన భయం. నా భయం వేరు. కరెంటు పోయిన ప్రతిసారీ చేతిలో పని వదిలేసి బోర్డు దగ్గరికి పరుగెత్తి హ్యాండిల్ కిందికుందా లేదా అని నా కళ్ళతో చూసుకుంటాను. చూసి రెండడుగులు వేస్తే మళ్ళీ అనుమానం. అన్నం కలిపిన చేత్తోనే పరుగెత్తాను ఒకసారి. జనరేటర్ మోగుతున్నంతసేపూ రోడ్డు వైపు చెవి పెట్టి ఉంటాను.

ఆసుపత్రిలో నీతో అన్నది ఇదే. నీకు అందకుండా అన్నాను.

మునిశేఖర్‌ను రానివ్వకు. ఈ సెక్షను వద్దని చెప్పు.

భారతి


తడ,
జూన్ 20

భారతీ,

నీ ఉత్తరం చదివి మునిశేఖర్ ఒళ్ళో పెట్టాను. ఎడమచేత్తో పట్టుకుని చదివాడు. చదివి పలక అందుకున్నాడు. ఎడమచేతి రాత ఇంకా కుదరలేదు, వంకరటింకరగా రెండు మాటలు రాశాడు. “నాకు తెలుసు.”

బెల్టుకు వేలాడుతున్నప్పుడు మీ షెడ్డు వైపు నుంచి జనరేటర్ మోత వినపడిందట. ఛేంజోవర్ లేదని మార్చిలోనే చూశాడు కదా. ఆసుపత్రిలో ఆఫీసరు అడిగితే ఏమీ గుర్తులేదన్నాడట. ఎందుకురా అని అరిచాను. ఎంత గట్టిగా అరిచానో నాకు తెలియదు, పక్కింటివాళ్ళు వాకిట్లోకి వచ్చారు. “చిన్నమ్మ ఇల్లు నా నోటితో ఎట్ల కూలదోసేది” అని రాశాడు.

మీరందరూ చెవులు వినపడేవాళ్ళు. అందరూ విని నోరు మూసుకున్నారు.

వాడు రాకుండా ఆపమన్నావు. ఆపలేను. స్తంభం ఎక్కనివ్వరు, కింద ఉండి పని చేస్తాడట. కిందనైనా తీగ పట్టుకునేది చేత్తోనే కదా. వాడు కాకపోతే జోయల్ ఎక్కుతాడు. జోయల్‌కూ ఇంట్లో ఎదురుచూసేవాళ్ళు ఉంటారు.

నేను ఆఫీసుకు వచ్చి చెబితే అది చెప్పుడు మాట అవుతుంది. చూసింది నువ్వు. ఆ బోర్డుకు నువ్వు కాపలా ఉన్నంత మాత్రాన కరెంటు ఆగదు. ఏదో ఒకరోజు నువ్వు ఇంట్లో ఉండవు. లేదా నిద్రపోతుంటావు.

దీవెనలు రాయడానికి చెయ్యి రావడం లేదు.

తాయమ్మ


కార్వేటినగరం,
జూలై 18

అక్కా,

ముందుగా ఒక మాట. మునిశేఖర్ క్షేమంగా ఉన్నాడు. ఇది చదివాకే మిగతాది చదువు.

నీ ఉత్తరం వచ్చాక ఆఫీసు గేటు దాకా రెండుసార్లు వెళ్ళాను. లోపల ఫ్యాను కింద దయానంద్ సార్ రాసుకుంటూ కనపడతాడు. పక్క అంగట్లో సబ్బు కొనుక్కుని తిరిగొచ్చాను, రెండుసార్లూ.

మంగళవారం ఆయన దాణా కోసం చిత్తూరు వెళ్ళారు. మధ్యాహ్నం ఉన్నట్టుండి పెద్ద గాలి లేచింది. కరెంటు పోయింది. నేను ఇంట్లో పొయ్యి దగ్గర ఉన్నాను. లేచేలోపే జనరేటర్ మోత మొదలైంది. మా దగ్గర పనిచేసే ఎల్లప్ప వేశాడు. పరుగెత్తాను. హ్యాండిల్ కిందికే ఉంది.

“దించే ఏసినానమ్మా” అన్నాడు ఎల్లప్ప.

ఊపిరి పీల్చుకుని గేటు వైపు చూశాను. గేటు అవతల స్తంభానికి వీధిలైటు ఉంది, పగలూ రాత్రీ ఎవరూ ఆర్పరు. అది వెలుగుతోంది.

ఊరంతా కరెంటు లేదు. ఆ ఒక్క దీపం వెలుగుతోంది.

హ్యాండిల్ పట్టుకుని పైకీ కిందికీ ఆడించాను. లోపల ఏమీ తగలడం లేదు, వదులుగా తిరుగుతోంది. హ్యాండిల్ దిగింది కానీ లోపల కనెక్షన్ తెగలేదు. ఇన్ని వారాలుగా నేను చూసుకుంటూ వచ్చింది ఆ ఇనుప ముక్కనే అక్కా. అది కిందికుంటే చాలని నమ్మాను. ఎన్నిసార్లు ఆ దీపం వెలిగిందో, కింద ఎవరు నిలబడి ఉన్నారో.

జనరేటర్ ఆపేశాను. దీపం ఆరింది. ఎల్లప్ప నా చెయ్యి పట్టుకోబోయి ఆగాడు.

“అమ్మా, కోళ్ళు సస్తాయి. రేపు లారీ వొస్తాది.”

“సస్తే సావనీ. దాని మీద చెయ్యి ఏసినావంటే నా మీద ఒట్టు.”

చెప్పుల్లేకుండానే రోడ్డు మీద పడ్డాను. కాలువ మలుపు దగ్గర తీగ తెగి నేల మీద చుట్టలు చుట్టుకుని ఉంది. జోయల్ మోటారుసైకిల్ దిగి బెల్టు బిగించుకుంటున్నాడు. మునిశేఖర్ సంచిలోంచి గొలుసు బయటికి తీస్తున్నాడు. ఇంకా తగిలించలేదు. ఆ తీగకు వాడికి మధ్య ఈ ఉత్తరానికి నాకు ఉన్నంత దూరం.

“తాకొద్దు” అని అరిచాను. వాళ్ళిద్దరూ అట్లాగే నిలబడిపోయారు. మునిశేఖర్ వచ్చి నా భుజం పట్టుకున్నాడు.

“చిన్నమ్మా, ఏమైంది?”

“ఇప్పుడు మా జనరేటర్ కరెంటే వొస్తా ఉండె దీంట్లోకి. ఆపేసినా. ఆ పొద్దు కూడా మాదే.”

చివరి మాట జోయల్‌ని చూసి అన్నాను. జోయల్ నా వైపు చూశాడు. తర్వాత మునిశేఖర్ వైపు చూశాడు. వాడు తల దించుకున్నాడు. ముందు గొలుసు తగిలించారు, పని పూర్తి చేశారు. నేను గట్టు మీద కూర్చుని ఉన్నాను. పని అయ్యాక జోయల్ బండి మీద ఆఫీసుకు వెళ్ళాను. ఈసారి గేటు దగ్గర ఆగలేదు.

దయానంద్ సార్ అంతా విని పెన్ను పక్కన పెట్టాడు. “అమ్మా, నువ్వు చెప్పేది మీ ఇంటాయన మీద కేసు అవుతుంది. తెలిసే చెప్తున్నావా?” అన్నాడు. తెలిసే చెబుతున్నానన్నాను. రాయించుకుని సంతకం పెట్టించుకున్నాడు.

ఆయన వచ్చేటప్పటికి పెద్ద షెడ్డులో సగం కోళ్ళు పోయాయి. ఎల్లప్ప బుట్టలతో మోసి గుంతలో పోస్తున్నాడు. ఆయన వాకిట్లో నిలబడి చూశారు. కేకలేస్తారనుకున్నాను.

“చెప్పేసినావా?” అన్నారు.

“చెప్పినా.”

గడప మీద కూర్చున్నారు. అన్నం తినలేదు. పొద్దున్నే చొక్కా తొడుక్కుని ఒక్కరే ఆఫీసుకు వెళ్ళారు. నేను చెప్పింది నిజమేనని రాసిచ్చి వచ్చారు. అప్పటి నుంచీ నాతో మాట్లాడటం లేదు. సాయంత్రం కరెంటువాళ్ళు వచ్చి, స్తంభం నుంచి మాకొచ్చే సర్వీసు తీగ తీసేశారు. తీసింది మునిశేఖర్ కాదు, వాడు ఆ పూట వేరే ఊరు వెళ్ళాడు. వాడిని కావాలనే పంపి ఉంటారు.

దీపం పెట్టుకుని రాస్తున్నాను. భయం తగ్గిందా అంటే తగ్గలేదు. రూపం మారింది.

భారతి


తడ,
జూలై 29

భారతికి,

చదివాను. మొదటి మాట చదివి ఆగి, మంచినీళ్ళు తాగి, మిగతాది చదివాను.

నిన్ను క్షమించానని రాయలేను. వాడు ఇంటికి వచ్చినప్పుడల్లా చొక్కా బొత్తాలు పెట్టుకునేటప్పుడు చూస్తుంటాను. ఆ చెయ్యి కనపడినంత కాలం క్షమించగలనో లేదో. కానీ నువ్వు రోడ్డు మీద పరుగెత్తింది కూడా కళ్ళకు కట్టినట్టు కనపడుతోంది.

మీకు కొత్త స్విచ్ పెట్టాక, మళ్ళీ సర్వీసు ఇచ్చే ముందు పరీక్ష ఉంటుందట. ఆ పరీక్ష తనే చేస్తానని ఆఫీసరును అడిగాడట. నాకు నిద్ర లేదు. జరిగింది జరిగినట్టు రాయి, మంచైనా చెడైనా.

తాయమ్మ


కార్వేటినగరం,
ఆగస్టు 12

అక్కకు భారతి నమస్కారాలు.

నిన్న పరీక్ష అయింది. అడిగినట్టే రాస్తున్నాను.

లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ వచ్చి ఛేంజోవర్ బిగించాడు. పాత మెయిన్ పీకేసి కొత్తది పెట్టాడు, షాక్ కొడితే తనంతట తనే పడిపోయే బ్రేకరు కూడా. దయానంద్ సార్, జోయల్, మునిశేఖర్ వచ్చారు. కేసు నడుస్తోంది, వాయిదాకు ఆయన వెళ్ళాలి. ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

సర్వీసు తీగ స్తంభానికి కట్టారు. ఫ్యూజులు పీకి లైను ఆపారు. ఇప్పుడు జనరేటర్ వేయాలి, లైనులోకి చుక్క కరెంటు పోవడం లేదని చూడాలి. మునిశేఖర్ మీటరు దగ్గర, బయటి నుంచి వచ్చే తీగల ఎదుట నిలబడ్డాడు. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకున్నాడు. కుడిచేతి తొడుగులో రెండు వేళ్ళు ఖాళీగా వాలిపోయి ఉన్నాయి.

“వెయ్యండి” అన్నాడు సార్.

ఆయన జనరేటర్ దగ్గరికి వెళ్ళారు. తాళం మీద చెయ్యి పెట్టారు. తీసేశారు. మళ్ళీ పెట్టారు. “నా వల్ల కాదు సార్” అన్నారు. ఎల్లప్ప ముందుకు రాబోతే మునిశేఖర్ వద్దన్నాడు.

“చిన్నమ్మా, నువ్వు వెయ్యి.”

వాడు నన్నే చూస్తున్నాడు. అచ్చం నీ కళ్ళే. “వెయ్యి చిన్నమ్మా, ఏం గాదు” అన్నాడు మళ్ళీ. వెళ్ళాను. స్విచ్ జనరేటర్ వైపు తిప్పాను. టక్ మని పడింది. కళ్ళు మూసుకోవాలనిపించింది. మూసుకుంటే మళ్ళీ తెరవలేనని వాడినే చూస్తూ తాళం తిప్పాను.

మోత లేచింది. షెడ్డులో ఫ్యాన్లు తిరిగాయి. మునిశేఖర్ టెస్టరు మొదటి తీగకు ఆనించాడు. తర్వాత రెండోదానికి. మూడోదానికి. ఆ కాసేపు నాకు జనరేటర్ మోత కూడా వినపడలేదక్కా. వాడి పెదవులు ఎప్పుడు కదులుతాయా అని చూస్తూ నిలబడ్డాను, నీలాగా.

“లేదు” అన్నాడు.

దయానంద్ సార్ పుస్తకంలో రాసుకున్నాడు. జోయల్ సంచి సర్దబోయాడు.

“ఇంగోసారి సూడు నాయనా.”

ఆ మాట అన్నది మీ మరిది. ఇన్నాళ్ళలో ఆయన వాడితో నోరు తెరిచి మాట్లాడింది అప్పుడే. మునిశేఖర్ ఆయన్ను చూశాడు. టెస్టరు తీసి మళ్ళీ మొదటి తీగ నుంచి చూడటం మొదలుపెట్టాడు.

నీ చెల్లెలు,
భారతి